టోపీకి కిరీటం: స్టేట్ ఫెయిర్‌లో రోడియో క్వీన్ ఏం చేస్తుంది, అసలు ఎందుకు ఉంది?

ఆగస్టు చివర్లో, స్టేట్ ఫెయిర్ జరిగే రోజుల్లో కొలరాడో రాష్ట్రంలోని ప్యూబ్లోకి వెళ్తే, రాళ్లు పొదిగిన చొక్కా, గంజిపెట్టి ఇస్త్రీ చేసిన జీన్స్, వెడల్పు అంచుల టోపీ, ఆ టోపీ చుట్టూ బిగించిన కిరీటంతో అమ్మాయిలు చాలామంది కనిపిస్తారు. భుజం మీదుగా పట్టీ, దాని మీద టైటిల్ పేరు. డెన్వర్ నుంచి పిల్లల్ని తీసుకుని వెళ్లిన మనవాళ్లకి మొదట వచ్చే అనుమానం, ఇంతమంది రాణులేంటి, వీళ్లలో అసలు రాణి ఎవరు అని. రెండోది, రోడియోలో, అంటే ఎద్దుల మీద, ఎగిరి తన్నే గుర్రాల మీద స్వారీ చేసే ఆటలో కిరీటాలకు పనేంటి అని. మొదటిదానికి జవాబు తేలిక. రెండోదానికి మాత్రం వందేళ్లు వెనక్కి వెళ్లాలి, వెళ్తే అక్కడ చాలా బాధపెట్టే కథ ఒకటి ఉంది.

ముందు తేలికైనది చూద్దాం. ఈ ఫెయిర్‌కి సొంతంగా ఒక క్వీన్ ఉంటుంది, అక్కడ ఆతిథ్యం ఇచ్చేది ఆమే. రాష్ట్రం మొత్తానికి ప్రతినిధిగా తిరిగే మిస్ రోడియో కొలరాడో వేరు. ఇవి కాక చాలా కౌంటీ ఫెయిర్లకీ, పేరున్న రోడియోలకీ ఎవరి రాణి వాళ్లకుంది: గ్రీలీ స్టాంపీడ్‌కి ఒకరు, కొలరాడో స్ప్రింగ్స్‌లో జరిగే పైక్స్ పీక్ ఆర్ బస్ట్ రోడియోకి ఒకరు (అక్కడ ఆమెని 'గర్ల్ ఆఫ్ ది వెస్ట్' అంటారు), సరిహద్దు దాటి వయోమింగ్‌లోని షైయెన్‌కి వెళ్తే 'మిస్ ఫ్రాంటియర్'. ఒకరి రోడియోకి ఇంకొకరు అతిథులుగా రావడం ఆనవాయితీ, అందుకే పెద్ద ఫెయిర్ జరిగినప్పుడు అంతమంది ఒకేచోట చేరతారు. ప్యూబ్లోలో మెక్సికన్ మూలాలున్న కుటుంబాలు ఎక్కువ కాబట్టి ఫెయిర్‌లో ఒకరోజు ఫియెస్టా డే, దానికి వేరుగా ఫియెస్టా క్వీన్. మెట్లు మెట్లుగా పైకి వెళ్తే చివర ఉండేది మిస్ రోడియో అమెరికా, ఆ పోటీ డిసెంబరులో లాస్ వేగస్‌లో, నేషనల్ ఫైనల్స్ రోడియో జరిగే సమయంలోనే పెడతారు. అది ప్రొఫెషనల్ రోడియో కౌబాయ్స్ అసోసియేషన్, అంటే పీఆర్‌సీఏ వైపు టైటిల్. ఇంటర్నేషనల్ ప్రొఫెషనల్ రోడియో అసోసియేషన్ అని ఇంకో సంస్థ ఉంది, వాళ్లది మిస్ రోడియో యూఎస్ఏ.

ఫెయిర్ గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. ప్యూబ్లో ఫెయిర్ తన మొదలుని 1872లో చూపించుకుంటుంది, అప్పటికి కొలరాడో ఇంకా రాష్ట్రమే కాలేదు, అది 1876లో. మన తిరునాళ్లూ పశువుల సంతా వ్యవసాయ ప్రదర్శనా ఒకేచోట పెట్టినట్టుంటుంది: ఒక పక్క జెయింట్ వీలు, ఇంకో పక్క కాల్చిన ప్యూబ్లో మిరపకాయల ఘాటు, షెడ్లలో పిల్లలు ఏడాది పొడుగునా పెంచిన దూడలు, పందులు, గొర్రెలు. ఆ పిల్లలు వ్యవసాయం, పశుపోషణ నేర్పే 4-హెచ్ లేదా ఎఫ్ఎఫ్ఏ అనే సంఘాల్లో సభ్యులు, తమ పశువుని బరిలో నడిపించి చూపించి, తర్వాత వేలంలో అమ్ముతారు. రోడియో ఈ మొత్తంలో ఒక భాగం మాత్రమే. క్వీన్ పని మాత్రం మొత్తం ఫెయిర్‌తో ముడిపడి ఉంటుంది, చూసేవాళ్లకి తెలియనిది ఇక్కడే ఎక్కువ.

మనకి ఆమె కనిపించేది సాయంత్రం అరీనాలో కొన్ని నిమిషాలు. ఆమె రోజు తెల్లవారుజామున గుర్రపుశాలలో మొదలవుతుంది. గుర్రానికి గడ్డి, నీళ్లు, శుభ్రం చేయడం, కాళ్లు పరీక్షించడం, ఇవన్నీ తనే చూసుకోవాలి, కిరీటం ఉందని వేరే ఎవరూ వచ్చి చేసిపెట్టరు. తర్వాత జుట్టు, మేకప్, చొక్కా, టోపీ. ఈ తయారీకే గంటకు పైగా పడుతుంది, తేలిగ్గా తీసుకోవడానికి లేదు, ఎందుకంటే రోజంతా ఎండలో, దుమ్ములో తిరిగాక కూడా పొద్దున ఉన్నట్టే ఉండాలని ఎదురుచూస్తారు. స్పాన్సర్ల అల్పాహార విందు, ఊరేగింపు, పశువుల పోటీలో గెలిచిన పిల్లలకి రిబ్బన్లు కట్టడం, ఫొటో కార్డుల మీద సంతకాలు, రేడియోవాళ్లతో మాటలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టే చిన్న రోడియోలో వాళ్లని కర్రగుర్రం మీదో, నెమ్మదైన పోనీ మీదో కూర్చోబెట్టి పక్కన నడవడం. నాలుగేళ్ల పాప వచ్చి "నీ గుర్రం పేరేంటి" అని అడిగితే మోకాళ్ల మీద కూర్చుని, అంతకుముందు వందమంది అదే అడిగినా, మొదటిసారి విన్నట్టే చెప్పాలి. నన్నడిగితే ఆ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. ఫెయిర్ పదకొండు రోజులు నడుస్తుంది, పదకొండో రోజు కూడా ఆ పాపకి అదే నవ్వు దొరకాలి.

ఇక అరీనా. ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే ఆమె నిజమైన నైపుణ్యం కళ్ల ముందే జరుగుతున్నా చాలామందికి తెలియకుండా పోతుంది. గేటు తెరుచుకోగానే గుర్రం పూర్తి దౌడులో లోపలికి వస్తుంది, కంచె వెంబడి గుండ్రంగా ఒక చుట్టు తిరిగి అదే వేగంతో బయటికి వెళ్లిపోతుంది. పగ్గాలు ఒక చేతిలో, రెండో చెయ్యి పైకెత్తి జనానికి ఊపుతూ ఉంటుంది, మొహం స్టాండ్స్ వైపు. అంటే ఆమె తన దారి చూసుకునే సమయం దాదాపు లేదు. మూల తిరిగేటప్పుడు గుర్రం లోపలికి వాలుతుంది, ఆ వాలుని ఆమె తొడలతో, నడుముతో సరిచేయాలి, పైకెత్తిన చెయ్యి మాత్రం కదలకూడదు. ఈ గుర్రాలకి పగ్గం మెడకి ఆనితే చాలు తిరిగేలా శిక్షణ ఇస్తారు, ఒక్క చేత్తో నడపగలగడం అందువల్లే. కానీ స్పాట్‌లైట్లు, మైకు హోరు, బాణసంచా, ఊగే జెండాలు, వేలమంది కేకలు, ఇన్నిటి మధ్య బెదరని గుర్రం ఊరికే దొరకదు, దాన్ని అలా తయారుచేయడానికి ఏళ్లు పడుతుంది. పైగా టోపీ కిందపడకూడదు. గుర్రపుస్వారీ పరీక్షలో టోపీ పడితే చాలా పోటీల్లో మార్కులు పోతాయి, అందుకే పిన్నులు, టేపు, లోపల ఫోమ్ ముక్కలు, ఎవరి పద్ధతి వాళ్లది.

టోపీ మాట వచ్చింది కాబట్టి చెప్పేస్తాను: అంత వేగంలో హెల్మెట్ లేకుండా వెళ్లడం నాకు ఎప్పుడూ భయంగానే ఉంటుంది. సంప్రదాయం టోపీనే కోరుతుంది, కిరీటం దానికే బిగిస్తారు. గుర్రం జారిపడటం ఈ రంగంలో వింత కాదు. టోపీ బదులు హెల్మెట్ పెట్టుకున్న రాణికి మార్కులు ఎక్కడా తగ్గకూడదని నిబంధనల్లో స్పష్టంగా రాయాలి.

జెండా ఇంకో పరీక్ష. రోడియో మొదట్లో అందరూ గుర్రాల మీద లోపలికి వచ్చే గ్రాండ్ ఎంట్రీలో అమెరికా జెండా పట్టుకుని వచ్చే బాధ్యత చాలాచోట్ల రాణిదే. జెండా కర్ర అడుగు రికాబు దగ్గర ఉండే చిన్న గూటిలో కూర్చుంటుంది, కుడి చెయ్యి దాన్ని నిటారుగా నిలబెడుతుంది. గుర్రం పరిగెడుతుంటే ఆ గుడ్డలోకి గాలి దూరి తెరచాపలా లాగుతుంది. వంచకూడదు, నేల తాకకూడదు, జాతీయగీతం అయ్యేదాకా గుర్రం రాయిలా నిలబడాలి. స్పాన్సర్ కంపెనీల జెండాలు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు దౌడు తీసే కార్యక్రమం కూడా ఉంటుంది, అతిథులుగా వచ్చిన రాణులకి ఎక్కువగా ఆ పని దక్కుతుంది.

వీటి తర్వాత రాణి వెళ్లి గ్యాలరీలో కూర్చుని పోటీలు చూస్తుందనుకుంటే పొరపాటు. తాడు విసిరి దూడని పట్టే పోటీ, ఎద్దుని కొమ్ములు పట్టి పడగొట్టే స్టీర్ రెజ్లింగ్, ఇద్దరు కలిసి తాళ్లతో పశువుని పట్టే టీమ్ రోపింగ్ జరిగేటప్పుడు, ఒక్కో ప్రయత్నం అయ్యాక ఆ పశువుని అరీనా అవతలి గేటులోంచి బయటికి తోలాలి. చాలా రోడియోల్లో ఆ పని రాణులు చేస్తారు. దూడ అడ్డం తిరిగితే ప్రదర్శన ఆగిపోతుంది, పశువు ఎటు తిరగబోతుందో దాని చెవులు, భుజం చూసి ముందే కనిపెట్టి గుర్రాన్ని అడ్డం పెట్టాలి. రాంచ్‌ల్లో, అంటే పెద్ద పశువుల క్షేత్రాల్లో పెరిగినవాళ్లకి ఇది రోజువారీ పని. రాళ్ల చొక్కా వేసుకుని చేస్తున్నారు కాబట్టి చూసేవాళ్లకి అలంకారంలా అనిపిస్తుంది, అంతే తేడా.

ఇలాంటి మనిషిని ఎలా ఎంచుతారు? స్థూలంగా మూడు భాగాలు: గుర్రపుస్వారీ, వ్యక్తిత్వం, రూపం. స్వారీ అంటే ముందే ఇచ్చిన క్రమంలో గుండ్రాలు తిరగడం, దౌడులోంచి ఒక్కసారిగా వెనక కాళ్ల మీద జారుతూ ఆగడం, నిలబడ్డచోటే గిరగిరా తిరగడం, పరిగెత్తే గుర్రం ముందుంచే కాలు మార్పించడం. కొన్నిచోట్ల సొంత గుర్రం కాకుండా అప్పటికప్పుడు కేటాయించిన గుర్రం మీద చేయమంటారు, ఎక్కిన నిమిషంలో ఆ జంతువు స్వభావం పసిగట్టాలి. వ్యక్తిత్వంలో ఇంటర్వ్యూ, ఉపన్యాసం, అక్కడికక్కడే అడిగే ప్రశ్నలు. రూపంలో ఫ్యాషన్ షో, లెదర్ గౌను, మేకప్, నడక. మూడింటికీ ఇచ్చే బరువు ఒక్కో టైటిల్‌కి ఒక్కోలా ఉంటుంది. కొన్ని టైటిళ్లలో గెలిచిన అమ్మాయి వెంటనే గద్దె ఎక్కదు, అప్పటి రాణి పదవీకాలం అయ్యేదాకా 'లేడీ ఇన్ వెయిటింగ్'గా పని నేర్చుకుంటుంది. మిస్ రోడియో కొలరాడోది ఆ పద్ధతే.

ప్రశ్నలు చాలా లోతుగా ఉంటాయి. బుల్ రైడింగ్‌లో ఎనిమిది సెకన్లు నిలబడితేనే మార్కులు అని ఆట చూసేవాళ్లందరికీ తెలుసు, ఆ మార్కుల్లో సగం రౌతుకి, సగం జంతువుకి అని కూడా రాణికి తెలియాలి. దూడని కట్టాక ఆ ముడి ఆరు సెకన్లు నిలవాలి, దూడకి ముందు వదలాల్సిన దూరం వదలకుండా అడ్డుతాడు తెంపుకుని ముందే బయల్దేరితే పది సెకన్లు, పీపాల చుట్టూ గుర్రాన్ని పరిగెత్తించే బారెల్ రేస్‌లో పీపా పడేస్తే ఐదు సెకన్లు జరిమానా. వీటితో పాటు గుర్రం ఎముకల పేర్లు, కడుపునొప్పి లక్షణాలు, లాడాలు, మేత, జీను భాగాలు, ఆపైన దేశంలో ఆ వారం జరిగిన రాజకీయాలు. పశువుల జాతుల గురించి కూడా చదవాల్సిందే, ఇందులో మనకి సంబంధించిన సంగతి ఒకటుంది. అరీనాలో మూపురంతో కనిపించే ఎద్దుల వెనక అమెరికన్ బ్రాహ్మన్ రక్తం ఉంది. 19వ శతాబ్దం మధ్య నుంచి 1920ల దాకా మన దేశపు పశువుల్ని తీసుకెళ్లి అక్కడ కలిపి తయారుచేసిన జాతి అది. గుజరాత్ నుంచి వెళ్లిన గిర్, కాంక్రేజ్‌లతో పాటు కృష్ణా లోయ పశువులూ, బయటి దేశాల్లో నెల్లూరు జాతిగా పేరుపడ్డ మన ఒంగోలు పశువులూ దాని మూలాల్లో ఉన్నాయి. 1924లో ఆ జాతికి హ్యూస్టన్ కేంద్రంగా సొంత సంఘం కూడా పెట్టుకున్నారు. టెక్సస్‌లో రోడియో చూసే మన పిల్లలకి ఈ మాట చెప్పండి, ఎద్దుని చూసే చూపు మారుతుంది.

ఇప్పుడు ఆ రెండో ప్రశ్న. ఇంత స్వారీ తెలిసిన అమ్మాయి పోటీలో దిగకుండా కిరీటంతో చెయ్యెందుకు ఊపుతోంది?

ఎందుకంటే ఒకప్పుడు పోటీలో దిగేది. 20వ శతాబ్దం మొదటి భాగంలో ఆడవాళ్లు ఎగిరి తన్నే గుర్రాల మీద డబ్బుకోసం పోటీపడ్డారు. ఓక్లహోమా నుంచి వచ్చిన లూసిల్ మల్హాల్ మగవాళ్లతో సమానంగా తాడు విసిరి పశువుల్ని పట్టింది. మోంటానాకి చెందిన ఫానీ స్పెరీ 1912లో కెనడాలో జరిగిన మొదటి కాల్గరీ స్టాంపీడ్‌లో ఆడవాళ్ల బ్రాంక్ రైడింగ్, అంటే ఎగిరి తన్నే గుర్రం మీద స్వారీ పోటీ గెలిచింది. అప్పట్లో ఆడవాళ్లకి రికాబులు రెండూ గుర్రం పొట్టకింద తాడుతో కలిపి కట్టేవారు, పడిపోకుండా ఉంటారని. ఫానీ స్పెరీ ఆ కట్టు లేకుండానే స్వారీ చేసేది. అదే కాలంలో రాణులూ ఉన్నారు, కానీ వాళ్ల దారి వేరు. ఒరెగాన్‌లోని పెండిల్టన్ రౌండప్ అనే రోడియో 1910లో మొదలైనప్పుడే బెర్తా ఆంగర్ అనే ఆమెని రాణిగా ఎంచారు, రోడియో రాణుల చరిత్ర అక్కడి నుంచే లెక్కపెడతారు. తొలినాళ్ల రాణులు ఊరి తరఫున నిలబడే ఆడపిల్లలు, స్వారీ పోటీలవాళ్లు వేరు. రెండూ కలిసిన అరుదైన సందర్భం 1927. ఆ ఏడు పెండిల్టన్ రాణి మేబెల్ స్ట్రిక్‌లాండ్, అప్పటికే దేశమంతా పేరున్న పోటీదారు, తాడు విసరడంలోనూ బ్రాంక్ రైడింగ్‌లోనూ ఆరితేరిన మనిషి. కథ ఆ దారిలోనే సాగి ఉంటే ఈ రోజు కిరీటానికి అర్థమే వేరుగా ఉండేది.

సాగలేదు. 1929 సెప్టెంబరులో అదే పెండిల్టన్‌లో బానీ మెక్‌కారల్ ఎక్కిన గుర్రం తిరగబడింది. రికాబులు కట్టేసి ఉండటంతో ఆమె కాళ్లు విడిపించుకోలేకపోయింది, గాయాలతో కొన్ని రోజులకి ఆసుపత్రిలో చనిపోయింది. కాపాడటానికని కట్టిన తాడే ఆమెని చంపింది. నిర్వాహకులు తీసుకున్న నిర్ణయం ఆ తాడుని కాదు, ఆడవాళ్ల బ్రాంక్ పోటీనే తీసేయడం. ఇది చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. అదే ఏడాది ఏర్పడిన రోడియో అసోసియేషన్ ఆఫ్ అమెరికా తన గుర్తింపు పోటీల జాబితాలో ఆడవాళ్లవి పెట్టలేదు. ఒక్క మరణం వల్లే అంతా జరిగిందనడం సరికాదు, ఆర్థిక మాంద్యం ఉంది, నిర్వాహకుల ఇష్టాయిష్టాలు ఉన్నాయి, కానీ తలుపు మూసుకోవడం మాత్రం అక్కడే మొదలైంది. 1940ల మొదటికల్లా, సినిమా హీరో జీన్ ఆట్రీ పెద్ద నగరాల రోడియోలు చేతిలోకి తీసుకునే నాటికి, ఆడవాళ్ల బ్రాంక్ రైడింగ్ పెద్ద అరీనాల్లో దాదాపు లేకుండా పోయింది.

ఆ ఖాళీలోకి వచ్చింది 'స్పాన్సర్ గర్ల్'. టెక్సస్‌లోని స్టాంఫర్డ్‌లో జరిగే టెక్సస్ కౌబాయ్ రీయూనియన్‌లో 1931లో ఇది మొదలైంది. చుట్టుపక్కల ఊళ్ల వ్యాపార సంఘాలు తమ తరఫున ఒక్కో అమ్మాయిని పంపేవి, ఆమె దుస్తులు, గుర్రం, స్వారీ చూసి మార్కులు వేసేవారు. స్వారీ కోసం పీపాల చుట్టూ తిరగమన్నారు. ఈ రోజు చూసే బారెల్ రేసింగ్ అక్కడ పుట్టింది! ఒకే పోటీలోంచి రెండు దారులు చీలాయి. గడియారంతో కొలిచే దారి బారెల్ రేసింగ్ అయింది, న్యాయనిర్ణేత కంటితో కొలిచే దారి రాణి పోటీల్లో కొనసాగింది. ఈ రెండూ ఒక తల్లి బిడ్డలని తెలిస్తేగానీ, రాణి పోటీలో అందానికి మార్కులేంటి, స్వారీకి మార్కులేంటి, రెండూ ఒకే కాగితం మీద ఎందుకున్నాయి అన్న చిక్కు విడదు.

ఆడవాళ్లు ఊరుకోలేదు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక, 1947లో టెక్సస్‌లోని అమరిల్లోలో పూర్తిగా ఆడవాళ్లే నడిపిన రోడియో పెట్టారు. 1948లో అదే రాష్ట్రంలోని శాన్ ఆంజెలోలో 38 మంది కలిసి గర్ల్స్ రోడియో అసోసియేషన్ స్థాపించారు, పేరున్న నిర్వాహకులతో బేరాలాడి బారెల్ రేస్‌ని లోపలికి తెచ్చుకున్నారు. 1967లో అది నేషనల్ ఫైనల్స్‌లోకి చేరింది. 1981లో సంస్థ పేరు విమెన్స్ ప్రొఫెషనల్ రోడియో అసోసియేషన్‌గా మారింది. 1984 నుంచి వరసగా పదేళ్లు ప్రపంచ టైటిల్ గెలిచిన షార్మేన్ జేమ్స్, ఆమె గుర్రం స్కాంపర్ పేర్లు రోడియో తెలిసిన ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. దూడ మెడకి తాడు వేయగానే ఆ తాడు జీను నుంచి తెగిపోయే బ్రేక్‌అవే రోపింగ్‌లో ఆడవాళ్లకి 'నేషనల్ ఫైనల్స్' మాత్రం 2020లో గానీ మొదలవలేదు. ఇదంతా పక్కన పెట్టుకుని చూస్తే రాణి స్థానం అర్థమవుతుంది: పోటీలో తలుపు మూసిన దశాబ్దాల్లో ఆడపిల్ల గుర్రంతో సహా పెద్ద అరీనాలోకి వెళ్లడానికి మిగిలిన కొద్ది దారుల్లో అదొకటి. అందుకే ఆ కిరీటాన్ని చులకన చేసేవాళ్లతో నాకు పడదు, అలాగని అదే చాలు అనేవాళ్లతో అసలే పడదు.

డబ్బు సంగతికి వస్తే, జీతం ఉన్న ఉద్యోగమేం కాదు ఇది. ఫెయిర్ కమిటీ కొంత ఖర్చు భరిస్తుంది, చొక్కాలు, బూట్లు, టోపీ, కొన్నిచోట్ల జీను బహుమతిగా వస్తాయి, పైస్థాయి టైటిళ్లకి చదువు స్కాలర్‌షిప్ ఉంటుంది. మిగతాదంతా ఇంటి మీద పడుతుంది. గుర్రం, దాని మేత, వైద్యుడు, లాడాలు వేసే మనిషి, గుర్రాన్ని తీసుకెళ్లే ట్రెయిలర్, దాన్ని లాగే ట్రక్కు, వారాంతం వచ్చిందంటే వందల మైళ్ల డీజిల్. చేత్తో రంగులు వేసి కుట్టే లెదర్ గౌను ఒక్కటే వేల డాలర్లు. అందుకే ఊళ్లో మేత అమ్మే దుకాణం, ట్రక్కుల డీలరు, చిన్న బ్యాంకు, వీళ్ల దగ్గరికి వెళ్లి స్పాన్సర్‌షిప్ అడగడం కూడా రాణి నేర్చుకునే పనే, విందులు పెట్టి చందాలు పోగుచేసేవాళ్లూ ఉన్నారు. పాత రాణులు గౌన్లు అమ్ముతారు, అద్దెకిస్తారు, చెల్లెళ్ల వరసవాళ్లకి ఊరికే ఇచ్చేస్తారు. ఇంత ఉన్నా, గుర్రం కొనలేని ఇంటి పిల్లకి ఈ దారి దాదాపు మూసుకున్నట్టే. ప్రతిభ ఉండి, అరువు గుర్రంతో నెట్టుకొచ్చే అమ్మాయిలు ఉన్నారు, వాళ్లు మిగతావాళ్లకన్నా రెట్టింపు పని చేయాల్సి వస్తుంది.

నిబంధనల్లో నాకు అసలు మింగుడుపడనిది పెళ్లి సంగతి. చాలా టైటిళ్లకి అమ్మాయి అవివాహిత అయి ఉండాలి, పిల్లలు ఉండకూడదు. ఏడాదంతా ప్రయాణాలు కాబట్టి అని సమర్థిస్తారు. కానీ అరీనాలో పోటీపడే మగవాళ్లలో పెళ్లయి పిల్లలున్నవాళ్లు బోలెడంతమంది, వాళ్లూ ఏడాదంతా రోడ్డు మీదే ఉంటారు, బారెల్ రేసర్లలో తల్లులున్నారు. ప్రయాణం చేయగలదో లేదో ఆమె చెప్పుకుంటుంది కదా. ఇది ఊరి తరఫున 'మంచి ఇంటి పిల్ల'ని ఊరేగించిన కాలం నుంచి మిగిలిపోయిన నియమం.

జంతువుల ప్రశ్న ఇంకా బరువైనది, రాణికి రోజూ ఎదురయ్యేదీ అదే. గేటు బయట ప్లకార్డులు పట్టుకున్నవాళ్లతో, లోపల అనుమానంతో అడిగే నగరవాసులతో మాట్లాడాల్సింది ఆమె. చాలామంది అడిగేది గుర్రం, ఎద్దు ఎందుకలా ఎగురుతాయి, వృషణాలకి తాడు కడతారట కదా అని. కట్టరు. ఫ్లాంక్ పట్టీ అని, పొట్ట చివర, వెనక కాళ్ల ముందు భాగంలో బిగిస్తారు, గుర్రాలకైతే దానికి గొర్రెతోలు లాంటి మెత్తటి పొర ఉండాలి. పీఆర్‌సీఏ రోడియోల్లో పశువైద్యుడు ఉండి తీరాలి, రౌతు బూటు ముళ్లు మొద్దుబారినవై ఉండాలి. ఇవి నిజాలు, రాణి వీటిని బాగా చెబుతుంది. అటువైపు నిజాలూ ఉన్నాయి: పరిగెత్తే దూడ మెడకి తాడు బిగిసి వెనక్కి గుంజబడటం చూడటానికే కష్టం, గాయాలు అవుతాయి, చావులూ జరుగుతాయి. బ్రిటన్ 1934లోనే చట్టం చేసి ఇలాంటి ప్రదర్శనల్ని ఆపేసింది. దూడల పోటీ విషయంలో విమర్శించేవాళ్ల మాటలో బలం ఉందనే నేననుకుంటాను. రాణి స్థానంలో ఉన్న అమ్మాయికి ఆ మాట బయటికి అనే వీలు లేదు, ఆమె ఆట తరఫు ప్రతినిధి. ఇరవై ఏళ్ల వయసులో ఇంత క్లిష్టమైన వాదనలో ఒక పక్షాన్ని మోస్తూ, ఎదుటివాళ్లని అవమానించకుండా మాట్లాడటం నేర్చుకుంటుంది, అది చిన్న విషయం కాదు.

కిరీటం ఎవరికి దక్కింది అన్న లెక్క కూడా ఉంది. పెండిల్టన్‌లో 1926లోనే ఎస్తర్ మోటానిక్ అనే మూలవాసి యువతి రాణి అయింది, అక్కడే రోడియోతో పాటు జరిగే హ్యాపీ కాన్యన్ అనే ప్రదర్శనకి రాకుమార్తెలుగా ప్రత్యేకంగా మూలవాసి అమ్మాయిల్ని ఎంచుకునే సంప్రదాయం ఉంది. ఎద్దుని కొమ్ములు పట్టి పడగొట్టే పోటీకి ఆద్యుడిగా చెప్పే బిల్ పికెట్ నల్లజాతి కౌబాయ్. ఆయన పేరుతో 1984లో డెన్వర్‌లో మొదలైన రోడియో ఈ రోజుకీ ఊరూరా తిరుగుతోంది. పశ్చిమ అమెరికా అరీనాలో ఈ వర్ణాలన్నీ మొదటి నుంచీ ఉన్నాయి, పెద్ద టైటిళ్ల ఫొటోల వరసలో మాత్రం చాలాకాలం ఒకే రంగు కనిపించింది. ప్యూబ్లోలో ఫియెస్టా రాణీ ఫెయిర్ రాణీ పక్కపక్కనే గుర్రాల మీద రావడం నాకు అందుకే ఇష్టం.

పదవీకాలం ఏడాది, అది అయ్యాక కిరీటం ఇంకొకరి టోపీ మీదికి వెళ్తుంది. తర్వాత ఈ అమ్మాయిలు వ్యవసాయ కమ్యూనికేషన్, పశువైద్యం, టీచింగ్, రాంచ్ నడపడం, రోడియో అనౌన్సింగ్, ఇలా రకరకాలుగా స్థిరపడతారు, కొందరు గడియారం వైపు దారి పట్టి బారెల్ రేసింగ్‌లోకి వెళ్తారు. చాలామంది తర్వాతి రాణులకి శిక్షణ ఇస్తారు, ఈ రంగం నడుస్తున్నదే వాళ్ల మీద.

డెన్వర్, డాలస్, హ్యూస్టన్ వైపు ఉన్నవాళ్లు ఈసారి వెళ్తే, రోడియో మొదలవడానికి అరగంట ముందే సీట్లో ఉండండి, గ్రాండ్ ఎంట్రీ అయిపోయాక వస్తే ఆమె పనిలో ముఖ్యభాగం పోయినట్టే. వీలైతే మూల తిరిగేచోట కూర్చోండి, పైకెత్తిన చేతిని వదిలేసి పగ్గాలు పట్టిన చేతిని చూడండి, ఎంత తక్కువ కదిలితే అంత గొప్ప స్వారీ. పగటిపూట షెడ్లలో ఎదురైతే ఫొటో ఒక్కటే అడిగి వచ్చేయకుండా, గుర్రాన్ని ఎవరు తయారుచేశారని అడగండి.